'క్యాన్' వెనుక దాగిన జ్ఞానం

'హి సింగ్స్' అంటాం, 'హి స్విమ్స్' అంటాం. మరి 'హి క్యాన్స్' అని ఎందుకు అనకూడదు? ఇంగ్లీషు వ్యాకరణం చదివే విద్యార్థికి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం కలుగుతుంది. దానికి సాధారణంగా దొరికే జవాబు, "అది రూలు, గుర్తుపెట్టుకోండి" అని. కాని భాషలో కారణం లేని వింతలు తక్కువ. రాతిపొరల్లో శిలాజం దొరికితే ఒకప్పటి జీవి కథ తెలిసినట్టే, ఇలాంటి వింతను తవ్వి చూస్తే ఒకప్పటి భాష కథ తెలుస్తుంది. 'క్యాన్', 'మే', 'కుడ్', 'మైట్' అనే నాలుగు చిన్న మాటల కథ అలాంటిదే.

మొదట అది 'తెలియడం'

సుమారు క్రీ.శ. 450 నుంచి 1150 వరకు ఇంగ్లండులో మాట్లాడిన భాషను పాత ఇంగ్లీషు అంటారు. అందులో 'కున్నన్' అనే క్రియ ఉండేది. దాని ముఖ్యమైన అర్థం 'తెలిసి ఉండడం'. నేటి 'క్యాన్' ఆ క్రియ రూపమే.

బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 731లో పూర్తిచేసిన లాటిన్ చరిత్ర గ్రంథంలో కేడ్మన్ అనే పశువుల కాపరి కథ ఉంది. విందులో పాడే వంతు తన దాకా వస్తుందనగా అతడు లేచి వెళ్లిపోయేవాడు. ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి పాడమంటే, తనకు పాడడం రాదన్నాడు. ఆ గ్రంథానికి వచ్చిన పాత ఇంగ్లీషు అనువాదంలో ఇక్కడ వాడినది ఈ క్రియనే. 'పాడడం తెలియదు' అన్నా, 'పాడలేను' అన్నా ఆ సందర్భానికి సరిపోతాయి. అర్థం ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు దాటేది ఇలాంటి చోట్లే. ఈత తెలిసినవాడు ఈదగలడు కదా! అలా 'తెలియడం' మెల్లగా 'చేయగలగడం' అయింది.

ఈ మార్పు ఒక్కరోజులో జరగలేదు. 14వ శతాబ్దపు కవి ఛాసర్ రచనల్లో కూడా 'క్యాన్' కొన్నిచోట్ల 'తెలుసు' అనే అర్థంలోనే కనిపిస్తుంది. ఇంగ్లీషుకు దగ్గర చుట్టమైన జర్మన్‌లో ఈనాటికీ 'ఇహ్ కాన్ డోయిచ్' అంటే 'నాకు జర్మన్ వచ్చు' అని అర్థం.

కలకత్తాలో దొరికిన ఆధారం

ఈ 'క్యాన్'కు మనకు బాగా తెలిసిన బంధువు ఒకటుంది. 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ ప్రసంగిస్తూ, సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నాడు. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబంలోదే. తర్వాత 1822లో జాకబ్ గ్రిమ్ ఆ కుటుంబంలోని ధ్వనుల మార్పులకు ఒక క్రమం చూపించాడు. మూలభాషలోని ఒక రకం 'గ' ధ్వని సంస్కృతంలో 'జ' అయితే, ఇంగ్లీషు శాఖలో 'క' అయింది.

ఈ జతలు చూడండి. సంస్కృతంలో 'జాను' అంటే మోకాలు, ఇంగ్లీషులో 'నీ'. సంస్కృతంలో 'జన', ఇంగ్లీషులో బంధువులను చెప్పే 'కిన్'. సంస్కృతంలో 'జ్ఞా', ఇంగ్లీషులో తెలుసు అని చెప్పే 'నో'. 'నీ', 'నో' మాటల స్పెల్లింగు మొదట్లో నేటికీ 'కె' ఉంది. సుమారు 17వ శతాబ్దం దాకా దాన్ని పలికేవారు కూడా. 'నో' పుట్టిన ధాతువు నుంచే 'క్యాన్' కూడా పుట్టింది. అంటే మీరు 'ఐ క్యాన్' అన్నప్పుడల్లా 'జ్ఞానం' అనే మాటకు చుట్టాన్ని పలుకుతున్నారన్నమాట!

'ఎస్' ఎందుకు లేదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తెలుగులో 'నాకు అర్థమయింది' అంటాం. రూపం చూస్తే భూతకాలం. చెప్పేది మాత్రం ఇప్పటి సంగతి. అర్థం కావడం జరిగిపోయింది, దాని ఫలితం ఇప్పుడు ఉంది. సంస్కృతంలో 'వేద' అనే క్రియారూపం కూడా ఇంతే. రూపం గతానిది, అర్థం మాత్రం 'తెలుసు' అని.

'క్యాన్', 'మే' కూడా ఇలా గతరూపంలో ఉండి వర్తమానాన్ని చెప్పే క్రియలే. ఇంగ్లీషులో భూతకాల రూపానికి చివర 'ఎస్' చేరదు. 'హి శాంగ్' అంటాం కాని 'హి శాంగ్స్' అనం. అందుకే 'హి క్యాన్స్' అనేది ఎప్పుడూ లేదు. రూలు వెనుక ఉన్న కారణం ఇదే.

గతరూపం వర్తమానానికి పోయాక, గతాన్ని చెప్పడానికి కొత్త రూపాలు కావాల్సి వచ్చాయి. అలా వచ్చినవే 'కుడ్', 'మైట్'. 'కుడ్' స్పెల్లింగులో పలకని 'ఎల్' ఉందని గమనించారా? 'వుడ్', 'షుడ్' మాటల్లో 'ఎల్' ఉండడం న్యాయమే. వాటి మూలమైన 'విల్', 'షల్' మాటల్లో అది ఉంది. 'క్యాన్'లో 'ఎల్' లేదు. 15, 16 శతాబ్దాల్లో పక్కవాటిని చూసి 'కుడ్' కూడా ఒక 'ఎల్' తగిలించుకుంది!

బలం నుంచి బహుశా దాకా

'మే' దారి వేరు. దాని పాత రూపం 'మగన్', అర్థం 'శక్తి కలిగి ఉండడం'. 'మైట్' అనే నామవాచకానికి నేటికీ 'బలం' అనే అర్థం. ఒకప్పుడు 'చేయగలను' అనడానికి 'మే'నే వాడేవారు. 'క్యాన్' ఆ చోటును ఆక్రమించుకుంటూ రాగా, 'మే' 'బహుశా', 'అనుమతి ఉంది' అనే అర్థాలకు జరిగింది. తరువాతి కాలంలో 'క్యాన్' అనుమతి చెప్పే పని కూడా చేపట్టింది. 'మే ఐ కమ్ ఇన్' అనాలా, 'క్యాన్ ఐ కమ్ ఇన్' అనాలా అన్న తగాదాకు మూలం ఇదే.

మన తెలుగు ఏం చేసింది?

తెలుగు ఈ కుటుంబానికి చెందదు. దక్షిణ భారత భాషలది వేరే కుటుంబమని ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ 1816లో, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఆధారాలతో చూపించాడు. అయినా తెలుగు కూడా ఇలాంటి బాటలోనే నడిచింది. 'కలడు' అంటే ఉన్నాడు. 'చేయ' పక్కన అది చేరి 'చేయగలడు' అయింది. దానికి ఎదురు మాట 'లేడు', కనుక 'చేయలేడు'. 'వచ్చు' అంటే రావడం. విద్య వస్తే 'నాకు ఈత వచ్చు', అవకాశం వస్తే 'వాన పడవచ్చు', అనుమతి వస్తే 'మీరు వెళ్లవచ్చు'. సాధ్యాసాధ్యాల వంటి కంటికి కనిపించని భావాలకు మాటలు ఆకాశం నుంచి ఊడిపడవు. తెలియడం, బలం, ఉండడం, రావడం వంటి రోజువారీ మాటలనే మనిషి వాటికి వాడుకున్నాడు.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

చిక్కు కూడా ఇక్కడే ఉంది. మన 'వచ్చు' ఒక్కటే చాలా పనులు చేస్తుంది కనుక, ఇంగ్లీషు పుస్తకం చదివేటప్పుడు 'క్యాన్'నూ 'మే'నూ ఒకటిగా చదివేస్తాం. 'ఇట్ మే నాట్ రెయిన్' అంటే వాన పడకపోవచ్చు. 'ఇట్ క్యానాట్ రెయిన్' అంటే వాన పడే వీలే లేదు. మందు పెట్టెలోని కాగితం మీద 'మే కాజ్ డ్రౌజినెస్' అని ఉంటే, నిద్రమత్తు తప్పక వస్తుందనీ కాదు, రాదనీ కాదు. వాహనం నడిపేవాడికి ఆ తేడా చిన్నది కాదు.

అందుకే శాస్త్ర, సాంకేతిక రంగాలు ఈ మాటలకు హద్దులు గీశాయి. ఐ.ఎస్.ఓ. అంతర్జాతీయ ప్రమాణాల భాషలో 'మే' అంటే అనుమతి, 'క్యాన్' అంటే సాధ్యం లేదా సామర్థ్యం. వాతావరణ మార్పులపై ఐ.పి.సి.సి. 2013లో ఇచ్చిన నివేదికలో 'లైక్లీ' అంటే కనీసం 66 శాతం, 'వెరీ లైక్లీ' అంటే కనీసం 90 శాతం సంభావ్యత అని అంకెలతో చెప్పారు.

ఈసారి మీ సైన్సు పాఠంలో ఒక పేజీ తీసి, అందులోని 'క్యాన్', 'మే', 'కుడ్', 'మైట్'ల కింద గీత గీయండి. ఒక్కోదాని దగ్గర ఆగి, అది శక్తిని చెబుతోందా, అవకాశాన్నా, అనుమతినా అని అడగండి. ఆ వాక్యాన్ని రాసినవారు ఎంతవరకు తెలిసి చెబుతున్నారో, ఎక్కడ నుంచి ఊహిస్తున్నారో మీకే తేలుతుంది.