ఫ్యాక్టరీ బతికింది, మరి రోస్టర్? (విశాఖ ఉక్కు కథ - రెండో భాగం)

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, కేంద్రం 11,440 కోట్లు ఇచ్చింది కదా, ఇంకా ఏడుపెందుకు?" ఆ ప్రశ్నలో తప్పేం లేదు. జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలదు.

1966 సంగతి మీకు తెలిసిందే. తెన్నేటి విశ్వనాథం, అమృతరావుల పేర్లు, 32 మంది ప్రాణాలు, 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు'. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. కొలిమి వెలగడానికి మాత్రం ఇరవై ఏళ్లు పట్టింది. జాతికి అంకితం చేసింది 1992లో పి.వి. నరసింహారావు. ఇంత ఆలస్యం వల్ల నిర్మాణ ఖర్చు పెరిగింది, దాంతో అప్పూ పెరిగింది. అంటే పుట్టినప్పుడే వడ్డీ మోస్తూ పుట్టిన ఫ్యాక్టరీ ఇది. పైగా సొంత ఇనుప గనుల్లేవు. టాటాకు గనులున్నాయి, సెయిల్‌కు గనులున్నాయి. విశాఖ మాత్రం బైలదిల్లా ఖనిజాన్ని ఎన్ఎండిసి దగ్గర కొనుక్కోవాలి. సొంత పొలం లేని కౌలు రైతు ఎంత కష్టపడి పండించినా ఏమవుతుందో మనవాళ్లకు వేరే చెప్పాలా?

తొంభైల చివర్లో నష్టాలు పేరుకుపోయి ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప దాకా వెళ్లింది. 1998లో కేంద్రం 1,333 కోట్ల అప్పును ప్రిఫరెన్సు షేర్లుగా మార్చింది. ఈ పద్ధతి విద్యార్థులకు అర్థం కావాలి. కొత్తగా రూపాయి చేతికి రాదు, కానీ వడ్డీ కట్టాల్సిన అప్పు వాటాగా మారుతుంది, మెడ మీది కాడి కాస్త దిగుతుంది. ఆ కాస్త ఊపిరితోనే ప్లాంటు కోలుకుంది. ఉక్కు ధరలు కలిసొచ్చాయి, పాత నష్టాలు తీరాయి, 2010లో నవరత్న హోదా వచ్చింది. ప్రభుత్వం తలుచుకుంటే కాపాడగలదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఆ తర్వాత విస్తరణ. 30 లక్షల టన్నుల సామర్థ్యం 73 లక్షలకు పెరిగింది. గనులు మాత్రం ఇవ్వలేదు. మళ్లీ అప్పు, మళ్లీ వడ్డీ. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూటికి నూరు శాతం అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు రోడ్డెక్కారు, నిరసన శిబిరం ఏళ్ల తరబడి నడిచింది. 2024 సెప్టెంబరు నాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో నడుస్తున్నది ఒక్కటే. తీర్చాల్సిన తక్షణ బాకీలు 26 వేల కోట్లు దాటాయి. అప్పుడు కేంద్రం కదిలింది. ముందు అత్యవసరంగా కొంత ఇచ్చి, 2025 జనవరిలో ప్యాకేజీ ప్రకటించింది. 10,300 కోట్లు ఈక్విటీ. మిగతా 1,140 కోట్లు అంతకుముందు ఇచ్చిన అప్పే, వాటాగా మార్చారు. చూశారా, 1998 నాటి మందే మళ్లీ.

ఇంతవరకు అందరూ చెప్పే చరిత్రే. ఇక మన లెక్క చూద్దాం.

బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు ప్రభుత్వ యాజమాన్యంలో, ప్రభుత్వ నిర్వహణలో ఉండాలని రాశారు. అది కేవలం ఆర్థిక సిద్ధాంతం కాదు. యజమాని ప్రభుత్వమైతేనే ప్రాథమిక హక్కులు ఫ్యాక్టరీ గేటు లోపలికొస్తాయి. ప్రభుత్వ రంగ సంస్థ రాజ్యాంగం దృష్టిలో 'రాజ్యం' కాబట్టే అక్కడ రోస్టర్ ఉంది, బ్యాక్‌లాగ్ అనే మాట ఉంది, ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల సంఘానికి పిలిచి మాట్లాడే లైజాన్ ఆఫీసర్ ఉన్నాడు. వాటా చేతులు మారిన రోజున ఇవన్నీ పోతాయి. ఊహించి చెబుతున్నది కాదిది. 2001లో బాల్కోలో 51 శాతం స్టెరిలైట్‌కు అమ్మినప్పుడు కార్మికులు సుప్రీంకోర్టుకెళ్లారు. ప్రభుత్వ సంస్థ ఉద్యోగులుగా ఉన్న 14, 16 అధికరణాల రక్షణ పోతుందని వాదించారు. ఆ కారణంతో అమ్మకాన్ని కొట్టేయలేమని, ఇది ప్రభుత్వ విధానమని కోర్టు చెప్పింది. పెట్టుబడుల ఉపసంహరణ మీద మాట్లాడే ప్రతి విద్యార్థీ ఆ తీర్పు చదవాలి. మన ఉద్యమాల్లో దాన్ని చదివినవాళ్లు తక్కువ, నాతో సహా చాలా కాలం.

సరే, అమ్మలేదుగా, ప్యాకేజీ ఇచ్చారుగా అంటారు. ఇక్కడే చిక్కు. ఒక ఫ్యాక్టరీని అమ్మకుండానే రోస్టర్‌ను ఖాళీ చేయొచ్చు. రిటైరైనవాళ్ల స్థానంలో నియామకాలు జరపకపోతే చాలు. ప్యాకేజీ వచ్చిన ఏడాదే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద వెయ్యి మందికి పైగా పర్మినెంట్ ఉద్యోగులు వెళ్లిపోయారు. అదే ఏడాది వేలమంది కాంట్రాక్టు కార్మికుల్ని తొలగించారు, మేలో వాళ్లు సమ్మెకు దిగారు. కాంట్రాక్టు పనికి రోస్టర్ లేదు, బ్యాక్‌లాగ్ లేదు, ఎవరి కులం వాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పాల్సిన రిజిస్టరూ లేదు. కాంట్రాక్టర్ చేతిలో గేటు పాస్ ఒక్కటే. పర్మినెంట్ పోస్టు పోయి కాంట్రాక్టు పోస్టు వచ్చిన ప్రతిచోటా మన వాటా ఎవరూ రద్దు చేయకుండానే రద్దయింది.

నేను ఆ 11,440 కోట్లను తక్కువ చేయడం లేదు. అవి రాకుంటే కొలిమి చల్లారేది. ఆరిన కొలిమిలో రిజర్వేషన్ గురించి మాట్లాడేదేముంటుంది? శిబిరంలో కూర్చున్నవాళ్లందరికీ ఆ గెలుపులో పాలుంది. కానీ ప్యాకేజీ ప్రకటనలో కేంద్రం ఫర్నేసుల లెక్క చెప్పింది. జనవరికి రెండు, ఆగస్టుకు మూడు నడుపుతామంది. అటువంటి లెక్క నియామకాల మీద, బ్యాక్‌లాగ్ మీద ఎందుకు అడగలేదు మనం? యూనియన్ల డిమాండ్ పత్రాల్లో సొంత గనులు, సెయిల్‌లో విలీనం పైన ఉంటాయి. రెండూ న్యాయమైనవే. రోస్టర్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

తమ్ముడూ, నువ్వు చేయగలిగింది ఒకటుంది. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు. గత పదేళ్లలో గ్రూపులవారీగా ఎన్ని పోస్టులు ఖాళీ అయ్యాయి, ఎన్ని భర్తీ చేశారు, అందులో ఎస్సీ ఎస్టీ బ్యాక్‌లాగ్ ఎంత, ఈ మూడే అడుగు. జవాబు వస్తే నాకూ పంపు.

భూములిచ్చిన ఊళ్ల సంగతి, ఆర్ కార్డు చేతిలో పెట్టుకుని ముసలివాళ్లైపోయిన నిర్వాసితుల సంగతి, పట్టా లేని కూలీలకు నష్టపరిహారం లెక్కలో చోటే దొరకని సంగతి వచ్చే భాగంలో.

జై భీమ్.