తుమ్ముకీ ఓ చరిత్ర

నా రెండో కాన్పుకి ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళినప్పటి మాట. వంటింట్లో ఎండుమిరపకాయల పోపు ఘాటుకి గట్టిగా తుమ్మొచ్చింది. తుమ్మిన మరుక్షణం గబగబా గదిలోకి వెళ్ళి చీర మార్చుకొచ్చాను. అమ్మ ఏమీ అడగలేదు. ‘‘కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనే’’ అని మాత్రం అంది. ఆ ‘మామూలే’ ఎన్ని తరాల ఆడవాళ్ళ నోళ్ళు మూయించిందో!

నడుం కింది ఎముకల గూటికి అడుగున కొన్ని కండరాలు ఉయ్యాల గుడ్డలా పరుచుకుని ఉంటాయి. మూత్రాశయాన్నీ గర్భసంచినీ మోసేది ఆ ఉయ్యాలే. నెలలు నిండేకొద్దీ దానిమీద బరువు పెరుగుతుంది. చేతి కండరమైతే పట్టి చూస్తాం. మరి దీని బలం తెలిసేదెలా?

లాస్ ఏంజెలిస్‌లో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీవైద్య నిపుణుడికి ఈ చిక్కే ఎదురైంది. కాన్పయినవాళ్ళకి ‘ఆ కండరం బిగించండి’ అని చెప్తే, కొందరు పొట్ట బిగిస్తున్నారు, కొందరు పిరుదులు బిగిస్తున్నారు. పాపం, కనబడని కండరాన్ని ఎవరు మాత్రం పోల్చుకోగలరు! అందుకని ఆయన పెరినియోమీటరు అనే సాధనం తయారుచేసి, దాని సాయంతో చేసే వ్యాయామం గురించి 1948లో వ్యాసం ప్రచురించాడు. చిన్న రబ్బరు తిత్తి, దానికో గొట్టం, గొట్టం చివర బి.పి. చూసే పరికరానికుండే లాంటి ముల్లు, సున్నా నుంచి వంద దాకా అంకెలు. తిత్తిని యోనిలో ఉంచుకుని బిగిస్తే ముల్లు కదులుతుంది. నాకు నచ్చిందేమిటంటే, ఆ ముల్లు డాక్టరుకే కాదు, ఆ స్త్రీకీ కనబడుతుంది. తన ఒంటి సంగతి తనే కళ్ళారా చూసుకుంటుంది!

నోటిమాట చాలదని తర్వాత లెక్కలతో సహా తేలింది. 1991లో అమెరికాలో 47 మందికి మాటలతో చెప్పి చేయిస్తే, సరిగ్గా చేసినవాళ్ళు 23 మందే. 12 మంది చేసిన తీరు, ఉన్న ఇబ్బందిని ఇంకా పెంచేదేనట.

గర్భిణుల విషయానికొస్తే, నార్వేలో 301 మంది తొలిచూలు స్త్రీలమీద జరిపిన పరిశోధన 2003లో వెలువడింది. పన్నెండు వారాలు సాధన చేసినవాళ్ళలో 36వ వారానికి నూటికి 32 మందికి మూత్రం జారే బాధ ఉంటే, చేయనివాళ్ళలో 48 మందికి ఉంది. మాయ కాదుగానీ, తక్కువ మేలు కూడా కాదు.

ఇప్పుడు తర్ఫీదు పొందిన ఫిజియోథెరపిస్టులు వేలితో పరీక్షించి సున్నా నుంచి అయిదు దాకా మార్కులేస్తారు. మన అనుమతి లేకుండా చేయకూడదు. రక్తస్రావం ఉన్నా, మాయ కిందికి ఉన్నా అసలే వద్దంటారు. అలాంటప్పుడు పైచర్మానికి ఆనించి చూసే అల్ట్రాసౌండ్ ఉండనే ఉంది.

మొన్న మా మేనకోడలు అయిదో నెలలో ఆ పరీక్షకే వెళితే, అమ్మా నేనూ తోడు వెళ్ళాం. బయటికొస్తూనే, ‘‘అత్తా, నేను ఇన్నాళ్ళూ తప్పు కండరం బిగిస్తున్నాను, తెర మీద చూపించారు!’’ అని నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి నా చెవి దగ్గరకు వంగి అడిగింది.

‘‘డెబ్బై దాటినవాళ్ళకి కూడా చూస్తారుటే?’’