చెరువుకట్ట – యాజమాన్యం – బాధ్యత : పోరుమామిళ్ల శాసనం నుండి కొల్లేటి గట్ల వరకు

ఉపోద్ఘాతం

2024 జూలై 18వ తేదీన అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్టకు గండిపడింది. కట్ట ఉన్నది తెలంగాణలో. వరద ముంచినది ఏలూరు జిల్లా వేలేరుపాడు మండలంలోని పల్లెలను. ఆయకట్టులో అధికభాగం ఉన్నది కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే. ఇది ప్రభుత్వ కట్ట. అయినా గండిపడిన ప్రతిచోటా తలెత్తే ప్రశ్న ఒక్కటే: కట్ట ఎవరిది? దానిని కాపాడవలసినవారు ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం ఒకటి కానక్కరలేదని తెలుగునేల చరిత్ర చెబుతున్నది. ప్రైవేటు యాజమాన్యంలోని మట్టికట్టల విషయంలో ఈ భేదం ఎలా రూపొందిందో ఒక శాసనం, ఒక న్యాయ తీర్పు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

శాసన సాక్ష్యం

కడప జిల్లా పోరుమామిళ్లలోని సంస్కృత శాసనం శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన తటాకాన్ని గురించి చెబుతూ, మంచి చెరువుకు పన్నెండు అంగాలను, చెరువుకు రాదగని ఆరు దోషాలను అది పేర్కొన్నది. నిత్యం వేయిమంది కూలీలు, రాతి పనికి నూరు బండ్లు పనిచేయగా రెండేళ్లకు నిర్మాణం పూర్తయిందని కూడా తెలిపింది.

దోషాల పట్టికలో మొదటిది కట్టనుండి నీరు ఊరడం. మట్టికట్టకు ఇది నేటికీ ప్రధాన ప్రమాదమే. ఊటతోపాటు మట్టిరేణువులు కొట్టుకుపోతూ ఉంటే కట్ట లోపల క్రమంగా బొరియ ఏర్పడుతుంది. పైకి చెక్కుచెదరనట్లు కనిపించే కట్ట ఒక్కసారిగా తెగుతుంది. రెండవ ప్రమాదం అలుగు చాలక నీరు కట్టమీదుగా పొర్లడం. ఆయకట్టుకు మించిన నీరు చేరడాన్ని కూడా శాసనం దోషంగానే లెక్కించింది. మరొక దోషం ఈ చర్చకు మరింత ముఖ్యమైనది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండరాదు. ఇది భూగర్భ లక్షణానికి సంబంధించిన నియమం కాదు, బాధ్యతకు సంబంధించినది. ఇద్దరికీ చెందిన కట్ట ఎవరికీ చెందకుండా పోగలదన్న ఎరుక ఇందులో ఉన్నది. పెద్దవాగు ఉదంతాన్ని ఈ వెలుగులో చదివినప్పుడు ఆ దోష నిర్ణయం ఎంత లోకజ్ఞత గలదో బోధపడుతుంది.

సప్తసంతానాలలో తటాకాన్ని, కృతిని, పుత్రుని ఒకే వరుసలో నిలపడం సాహిత్య విద్యార్థులకు పరిచితమే. సంతానమన్న పదం కన్నవారి కీర్తినే కాక పెంపకాన్ని కూడా సూచిస్తుంది. తాము చేసిన దానంకంటె పరులు చేసిన దానాన్ని పాలించడం రెట్టింపు పుణ్యమన్న భావం శాసనాంత శ్లోకాలలో తరచు కనబడుతుంది. ఈ భావానికి ఆర్థిక రూపం దశబంధ మాన్యం. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేయించేవారికి భూమినో, శిస్తులో భాగాన్నో ఇచ్చే ఈ పద్ధతిలో మాన్యం అనుభవించడమూ కట్టను కాపాడడమూ విడదీయరానివి.

కార్వేటినగరం వివాదం

సారంగపాణి పదాల ద్వారా సాహిత్య చరిత్రలో నిలిచిన కార్వేటినగరం న్యాయశాస్త్ర చరిత్రలోనూ నిలిచింది. నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఆ జమీందారీలో భారీ వర్షాలకు చెరువుకట్టలు తెగి, ఆ వరదకు మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలు కొట్టుకుపోయాయి. కంపెనీ జమీందారుపై దావా వేసింది. ఇంగ్లండులో 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన రైలాండ్స్ – ఫ్లెచర్ తీర్పు కంపెనీకి ఆధారం. ఒక మిల్లు జలాశయంలోని నీరు పొరుగు గనిలోకి చేరిన ఆ వివాదంలో, ప్రమాదకరమైన వస్తువును తన భూమిలో పోగుచేసినవాడు, తన అజాగ్రత్త లేకపోయినా, దానివల్ల కలిగే నష్టానికి బాధ్యుడేనని తేలింది.

1874లో ప్రీవీ కౌన్సిల్ ఆ సూత్రాన్ని ఇక్కడికి అన్వయించలేదు. ఈ చెరువులు ప్రాచీనమైనవి, దేశ నీటిపారుదల వ్యవస్థలో భాగమైనవి, అసంఖ్యాక ప్రజల మనుగడకు ఆధారమైనవి అని పేర్కొని, జమీందారు నిర్లక్ష్యం రుజువు కానందున నష్టపరిహారం రాదని నిర్ణయించింది.

న్యాయ గ్రంథాలు ఈ తీర్పును సాధారణంగా బాధ్యతనుండి మినహాయింపుగానే ఉదాహరిస్తాయి. కాని తీర్పులో రెండవ భాగం ఉన్నది. చెరువులను తీసివేసే అధికారం జమీందారుకు లేదు. వాటిని సంరక్షించి మరమ్మతు చేయడం అతని విధి. మినహాయింపు ఈ విధినుండే పుట్టింది. మిల్లు యజమాని తన లాభంకోసం, తన ఇష్టంతో నీరు నిలిపాడు. జమీందారు మానలేని ధర్మంగా నిలిపాడు. విధిని నెరవేర్చినవానికే ఆ రక్షణ. ఈ దృష్టితో చూస్తే 1369 నాటి శాసనానికి, 1874 నాటి తీర్పుకు మధ్య దూరం తక్కువ.

అయితే విధి ఉన్నంత మాత్రాన మరమ్మతు జరుగుతుందని కాదు. గండ్లు పడే ఆపత్కాలంలో గ్రామస్థులచేత పని చేయించడానికి 1858లోనే మద్రాసులో నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. జమీందారు ఉపేక్షించిన నీటివనరుల మరమ్మతుకై రైతులు కలెక్టరును ఆశ్రయించే మార్గం 1908 నాటి ఎస్టేట్సు భూమి చట్టంలో ఏర్పడింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ చెరువులు ప్రభుత్వపరమైనాయి. యజమాని మారాడు, విధి మిగిలింది.

కొల్లేటి గట్లు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల వరదను తనలో ఇముడ్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సహజ జలాశయం. ఈ సరస్సులో చేపల చెరువులకోసం వేసిన గట్లు కూడా మట్టికట్టలే. 1999లో ప్రభుత్వం 120వ నంబరు ఉత్తర్వుతో అయిదవ కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అక్రమ గట్లను పెద్దయెత్తున తొలగించారు.

చెరువుకట్ట తెగితే ఊరు మునుగుతుంది. కొల్లేటి గట్టు తెగకుండా నిలిచినా, వరద దారిని అడ్డగించి ఎగువ పొలాలను ముంచగలదు. అందువల్ల ఇక్కడ భద్రత అంటే గట్టు బలం మాత్రమే కాదు. పైగా కార్వేటినగరం జమీందారుకు లభించిన రక్షణ ఈ గట్ల యజమానులకు వర్తించదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇవి ప్రాచీన నీటిపారుదల వ్యవస్థలో భాగం కావు, లాభంకోసం వేసినవి. పోలిక చూస్తే వీటి స్థానం మిల్లు యజమాని సరసనే. చేపల సాగు అనేక కుటుంబాలకు జీవనాధారమన్నది నిజమే. కాని జీవనాధారం ఒకరిది, మునక మరొకరిది అయినప్పుడు బాధ్యతను కూడా లెక్కించవలసి ఉంటుంది.

ముగింపు

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం నిర్వహణ బాధ్యతను యజమానిపైనే ఉంచింది. కాని అది 15 మీటర్లకు మించిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుండి 15 మీటర్ల ఎత్తు గలవాటికి మాత్రమే వర్తిస్తుంది. మన ఊరి చెరువుకట్టలలో అధికభాగం ఈ కొలతకు అందవు. వాటికి మిగిలినది పాత సూత్రమే: నీరు నిలిపే హక్కు కట్టను కాపాడే విధితో కలిసే వస్తుంది. ఊటను దోషంగా గుర్తించిన శాసనమే, ఇద్దరి నడుమ అనాథగా మిగిలే కట్టను కూడా దోషంగా గుర్తించింది. మొదటి దోషాన్ని ఇంజనీర్లు సరిచేయగలరు. రెండవదానిని సరిచేయవలసినది పాలకులు, యజమానులు, ఆయకట్టుదారులు కలిసి. అదీ వానలకు ముందే.