ఇరవై మూరల ఎడం

రాజమండ్రిలో మా తమ్ముడు రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకుని పదేళ్ళయింది. ఈ వేసవిలో ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ జాగాను బాగుచేయిద్దామనుకున్నాడు. ముందువైపు లాన్, పక్కల టైల్సు, ఓ ఉయ్యాల, గోడవారన కడియం నర్సరీ నుంచి తెచ్చిన మామిడి అంటు. అంతా కాగితం మీద గీసి నా చేతికిచ్చాడు. "అక్కా, పాత పుస్తకాలన్నీ తిరగేస్తావు గదా, ఇందులో ఏమైనా తప్పుంటే చెప్పు" అన్నాడు. మామిడి అంటు గోడకు నాలుగడుగుల్లో ఉంది. నాకు వెంటనే వరాహమిహిరుడు గుర్తొచ్చాడు.

6వ శతాబ్దపు ఉజ్జయినికి చెందిన వరాహమిహిరుణ్ణి మనం జ్యోతిష్కుడిగానే తలుచుకుంటాం. కానీ ఆయన బృహత్సంహితలో వృక్షాయుర్వేదం పేరుతో చెట్ల పెంపకం గురించి ఓ అధ్యాయం ఉంది. చెట్టుకూ చెట్టుకూ నడుమ ఇరవై మూరల ఎడం ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండుకు మాత్రం తగ్గకూడదు అంటాడందులో. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా, ఇంచుమించు అడుగున్నర. మల్లెపూలమ్మి ఇప్పటికీ చేత్తో కొలిచే మూర అదే. ఇరవై మూరలంటే ముప్పై అడుగులు. ఎందుకంత అంటే, దగ్గరదగ్గరగా పెరిగిన చెట్లు ఒకదాన్నొకటి రాసుకుని, వేళ్ళు పెనవేసుకుని, బాధపడి, సరిగా కాయవంటాడు. చెట్టుకు మట్టి లోపల కూడా ఇల్లు కావాలని గ్రహించినవాడి మాట అది.

ఇంటి దగ్గరైనా తోటలోనైనా ముందుగా నాటవలసిన మంగళకరమైన చెట్లేవో కూడా చెప్పాడు: వేప, అశోకం, పున్నాగ, దిరిసెన, ప్రియంగువు. ఇక్కడో మాట చెప్పాలి. మన అపార్టుమెంట్ల ప్రహరీల వెంట ఈటెల్లా నిటారుగా నిలబెడుతున్న "అశోక" చెట్టు ఆ అశోకం కాదు, అది నరమామిడి. అసలు అశోకం కొమ్మలు చాచి, నారింజ, ఎరుపు రంగుల పూలగుత్తులతో నీడనిచ్చే చెట్టు. పేరు ఒకదానిది, చోటు ఇంకొకదానిది అయిపోయింది.

ఇంకాస్త వెనక్కి వెళితే వాత్స్యాయనుడి కామసూత్రాలు ఉన్నాయి. నీటికి దగ్గరగా, చెట్ల తోటతో ఇల్లు కట్టుకోవాలనీ, ఆ తోటలో నీడపట్టున ఉయ్యాల ఉండాలనీ అందులో ఉంది. ఇల్లాలు పెరట్లో కూరపాదులు, చెరకు, మల్లె జాతులు వేయించి, మధ్యలో బావో కుంటో తవ్వించాలట. మా తమ్ముడి కాగితంలో ఉయ్యాల ఉంది. నీరు మాత్రం ఎక్కడా లేదు.

వెయ్యేళ్ళ కిందట సురపాలుడు రాసిన వృక్షాయుర్వేదం మాటా చెప్పుకోవాలి. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డు గ్రంథాలయంలో ఉండిపోతే, తెప్పించి ఇంగ్లీషులోకి అనువదించి 1996లో అచ్చువేసింది మన సికింద్రాబాదులోనే. అనువదించినవారు నళినీ సాధలే. ఇవాళ ప్రకృతి సేద్యం చేసే రైతులు మాట్లాడుకునే కుణపజలం అనే ద్రవ ఎరువు తయారీ అందులో వివరంగా ఉంది.

పుస్తకాలు అలా ఉంచి, మా అమ్మమ్మగారి ఊరికి వస్తాను. గోదావరి కాలవ పక్కన మండువా లోగిలి. వీధికి ఆనుకుని అరుగులు, గడప దాటితే వసారా, నడుమ ఆకాశం కనిపించే మండువా, వెనక పెరడు. ఆ ఇంట్లో ఖాళీ జాగా అంతా ఎక్కడికక్కడ ఓ గదిలా పనిచేసేది. వాకిట్లో వడ్లు ఎండేవి. మండువాలో ఒడియాలు ఎండేవి, పెళ్ళిళ్ళు జరిగేవి. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికే వాలి ఉండేది కాబట్టి, వాన పడితే నాలుగు చూరుల నుంచీ ధారలు మండువాలోకే దిగేవి. అమ్మమ్మ చూరు కింద గంగాళాలు పెట్టేది. అవి నిండాక మిగిలిన నీరు తూము గుండా పెరట్లోకి పోయేది. ఎండాకాలం రాత్రి ఆ మండువాలో మంచం వేసుకుంటే పగలంతా కాగిన గోడల వేడి పైకి తేలిపోయి, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్ళం.

పెరట్లో నుయ్యి. నూతి పళ్ళెం మీదే స్నానాలు, బట్టలుతుకులు. ఆ నీళ్ళు ఊరికే పోయేవి కావు. సన్నటి కాలవలోంచి ముందు అరటి పాదుల్లోకి, అక్కణ్ణుంచి కంద, చేమ మొక్కల్లోకి, చివర్న కరివేప మొదట్లోకి. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్లోకి, పేడ గుంటలోకి, గుంటలో ఎరువు మళ్ళీ పాదుల్లోకి. పడమటి ఎండ వంటిల్లుకు తగలకుండా అటువైపు చిక్కుడు పందిరి. ఈ ఏర్పాటుకు ఎవరూ పటం గీయలేదు. నీళ్ళు ఎటు పోతాయి, నీడ ఎటు పడుతుంది అన్న రెండింటి మీదే అంతా అమరింది. ఆ ఇంటి గురించి రాస్తుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. ఒకటి మాత్రం దాచను. ఆ కళ్ళాపి, ఆ చేద, ఆ అలుకులు అన్నీ ఆడవాళ్ళ నడుముల మీద నడిచాయి. ఆ నూతి నీళ్ళు ఊళ్ళో అందరికీ దక్కలేదు. పెరటి ఎరువు మోసినవాళ్ళకు అరుగు మీద కూర్చునే హక్కు లేదు.

అరుగంటే గుర్తొచ్చింది. వీధికీ ఇంటికీ మధ్య ఉండే ఈ గట్టును ఇంగ్లీషువాళ్ళు పోర్చుగీసు మాట నుంచి తెచ్చుకుని "పయల్" అన్నారు. అరుగుల మీద నడిచే వీధిబడులు వాళ్ళ రాతల్లో "పయల్ స్కూళ్ళు" అయ్యాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా దేశీయ బడుల లెక్క తీయించాడు. 1826 నాటికి తేలిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. అందులో ఎన్నో అరుగుల మీదా, చెట్ల కిందా, గుడి మండపాల్లో నడిచినవే. ఇంటి ముందరి అడుగున్నర ఎత్తు గట్టు ఎంత పని చేసిందో చూడండి. ఇవాళ అక్కడ కారు ఎక్కే సిమెంటు వాలు ఉంది.

ఇక పెరటి మొక్కల పుట్టుపూర్వోత్తరాలు. ఇది నాకు ఎంత చెప్పుకున్నా తనివితీరని కథ. సంక్రాంతికి గొబ్బెమ్మ నెత్తిన పెట్టే బంతిపువ్వు మెక్సికోది. అక్కడివాళ్ళు ఇప్పటికీ నవంబరులో పితృదేవతల పండక్కి సమాధుల మీద రాశులు పోసేది ఈ బంతిపూలనే. గొబ్బెమ్మకు పెట్టే రెండో పువ్వు, గుమ్మడి పువ్వు, అదీ అమెరికా ఖండాలదే. గుమ్మానికి కట్టే బూడిదగుమ్మడి మాత్రం మన ఆసియాది. సాయంత్రం నాలుగింటికి విచ్చుకునే చంద్రకాంత కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చింది. మిరప, జామ, బొప్పాయి అన్నీ కొలంబసు సముద్రం దాటాకే, పోర్చుగీసు ఓడల కాలంలో ఇటు చేరాయి. సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా అటునుంచి వచ్చిందే. ఎవరో తెచ్చి నాటి ఉంటారు, ఎవరో తిని మెచ్చి ఉంటారు, ఆ తీపికి తగిన పేరు సీతమ్మదే అనుకుని ఉంటారు. ఓ పరాయి పండును ఇంతకంటే ప్రేమగా ఇంట్లోకి పిలవడం ఎలా?

గేటు మీద పాకే కాగితపూల తీగను 1767లో బ్రెజిల్ తీరంలో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కొమెర్సన్ గుర్తించి తన నౌకాధిపతి బూగెన్విల్ పేరు పెట్టాడు. కొమెర్సన్ వెంట మగవేషంలో ఓడెక్కిన సహాయకురాలు జాన్ బరే భూమిని చుట్టివచ్చిన మొదటి మహిళగా చరిత్రకెక్కింది. తులసికోట పక్కన దానంతటదే మొలిచే బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. దాని నుంచి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు 1960ల నుంచి రక్తకాన్సరు వచ్చిన పిల్లల ప్రాణాలు నిలబెడుతున్నాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతకు ఇంతకు మించిన జవాబు లేదు.

అందుకే "మన మొక్కలే వేయాలి" అని ఎవరైనా గట్టిగా అంటే నాకు అమ్మమ్మ కొంగున కట్టుకొచ్చిన గింజలు గుర్తొస్తాయి. ఏ పేరంటానికి వెళ్ళినా కొమ్మో, దుంపో, విత్తనమో లేకుండా తిరిగొచ్చేది కాదు. ఆమె చూసింది ఊరు కాదు, మొక్క ఏం పనికొస్తుందన్నదే.

ఆ లెక్కన చూస్తే లాన్ ఏం పనికొస్తుంది? 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే పనివాడు, ఉన్నిబట్ట మీది నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి గడ్డి కోసే యంత్రం చేశాడు. అంతకుముందు కొడవళ్ళతో కోయించగల జమీందార్లకే ఉన్న నున్నటి పచ్చిక అప్పుడు మధ్యతరగతి ఇళ్ళకూ దిగింది. ఏడాది పొడుగునా చినుకులు పడే దేశంలో అది నీళ్ళడగదు. మన రోహిణి కార్తెలో రోజూ అడుగుతుంది. విచిత్రమేమిటంటే, వేడి దేశాల గోల్ఫు మైదానాల్లో "బెర్ముడా గడ్డి" అన్న పేరుతో పరిచేది మన గరికనే. రైతు పొలంలో పీకి పారేసేదీ, వినాయకుడికి ఏరి సమర్పించేదీ అదే.

లాన్‌తో పాటు వచ్చింది బంగళా. బెంగాలు గుడిసె పేరు పెట్టుకుని, ఇంగ్లీషు దొరల కంటోన్మెంట్లలో పెరిగి, మన ఊళ్ళకొచ్చింది. దాన్తో ఇంటి కట్టుబడి తిరగబడింది. మన లోగిలి వీధిని ఆనుకుని నిలబడి, ఖాళీనంతా నడుమా వెనకా పోగుచేసుకుంది. బంగళా మధ్యలో నిలబడి, ఖాళీని చుట్టూ పరిచింది. ఎకరాల్లో ఉన్న కలెక్టరు బంగళాకు అది బాగానే ఉంది. రెండు వందల గజాల్లో నాలుగు వైపులా ఇంత ఇంత వదిలితే మిగిలేది మీటరు, మీటరున్నర సందులు. గాలి వెలుతురు కోసం, మంటలు ఇల్లు మారకుండా ఆ సందులు అవసరమే, కాదనను. కానీ మంచం పట్టదు, చెట్టు పట్టదు, ముగ్గురు కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు చాలదు. మోటారు, గ్యాసు సిలిండరు, పాత చెప్పులు అక్కడికి చేరతాయి. నేడు ఇంటి ఆరుబయలు బాగులేదని బాధపడే వాళ్ళందరి చిక్కుకూ మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. జాగా తక్కువ కాదు, అది నాలుగు ముక్కలైంది.

నేల వదిలి మిద్దె పైకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, భాగ్యనగరంలో రాజుగారి భవనం మిద్దెల మీద తోటలున్నాయనీ, వాటిలో అంతంత పెద్ద చెట్ల బరువును కింది కమానులు ఎలా మోస్తున్నాయో అంతుబట్టలేదనీ రాశాడు. ఇవాళ హైదరాబాదులో మిద్దెతోటలు పెంచేవాళ్ళు తమకు తెలియకుండానే ఆ రాజుల వారసులు. తావెర్నియే అనుమానం మాత్రం వాళ్ళూ పడాలి. ఘనపుటడుగు తడి మట్టి యాభై కిలోల దాకా తూగుతుంది. డాబా ఎంత మోస్తుందో ఇంజనీరును అడగకుండా తొట్లు ఎక్కించకూడదు.

తమ్ముడు నమూనాగా ఫోనులో దాచుకున్న తోటల బొమ్మలు మరోచోటివి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో థామస్ చర్చ్ అనే తోటల శిల్పి, తోట చూడ్డానికే కాదు, బతకడానికి అన్నాడు. 1948లో ఆయన సోనోమాలో చేసిన డోనెల్ తోట, 1955లో రాసిన పుస్తకం ఆ దేశపు ఇళ్ళ వెనక జాగాను మార్చేశాయి. సోఫాలు ఆరుబయటికొచ్చాయి. అక్కడ వేసవిలో చినుకు పడదు. మనకు జూన్ రాగానే ఆ సోఫాలు నానిపోతాయి, సందెవేళ దోమలొస్తాయి. చర్చ్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాడో అక్కణ్ణుంచి మనమూ మొదలుపెట్టాలి, అంటే ఆ ఇంట్లో ఎవరుంటారు, ఏం చేస్తారు అన్న దగ్గర్నుంచి.

"అయితే నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు తమ్ముడు, కాస్త ఉక్రోషంగానే.

ముందు ముక్కల్ని కలిపాం. ఈశాన్యం మూల పాత రేకుల షెడ్డు తీసేస్తే పద్దెనిమిదడుగులు, పన్నెండడుగుల జాగా ఒక్కచోట దొరికింది. అక్కడి టైల్సు లేపించాం. పడమటి గోడకు చిక్కుడూ జాజీ పాకడానికి ఇనుప పందిరి వేయించాం. సబ్బుపొడి నీళ్ళు మొక్కలకు మంచివి కావు గనక వాషింగ్ మెషీను జోలికి పోలేదు. బియ్యం, కూరలు కడిగే తొట్టి గొట్టాన్ని మాత్రం అరటి పాదుకు తిప్పాం. డాబా నీళ్ళకు ఇంకుడు గుంత తవ్వించాం. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం నుంచీ వాన నీటిని ఇంకించమంటూనే ఉన్నారు. వెయ్యి చదరపుటడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 930 లీటర్లు. పదేళ్ళుగా అవన్నీ వీధి కాలవలోకి పోయాయి.

మామిడికి ముప్పై అడుగులు లేవు. పన్నెండు మూరలంటే పద్దెనిమిది అడుగులు, అవీ లేవు. అంటును ఊళ్ళో పొలం గట్టుకు పంపాం. దాని చోట పారిజాతం వచ్చింది. తమ్ముడు రెండు రోజులు ముభావంగా తిరిగాడు. పిల్లలకు ఇంటి మామిడికాయ తినిపించాలని వాడి కోరిక, నాకది తెలుసు.

గేటు పక్కన ఏం చేద్దామన్న మాట వచ్చినప్పుడు, అంతదాకా ఊరుకున్న అమ్మ నోరు విప్పింది. ఎనభై రెండేళ్ళావిడ. "అక్కడ నాకో అరుగు కట్టించండి. కూరగాయల బండి వచ్చినప్పుడు కూర్చుంటాను" అంది. మేస్త్రి రెండడుగుల ఎత్తు అన్నాడు. అమ్మ మాట్లాడకుండా లేచి వెళ్ళి, గోడకు చెయ్యి ఆనించి, మోచేతి నుంచి వేలి కొస దాకా చూపించింది. "ఇంతే. ఇంతకు మించితే కాళ్ళు నేలకందవు."

మేస్త్రి అక్కడ బొగ్గుతో గీత గీశాడు.