హడ్సన్ ఒడ్డున ఫిరంగుల కొలిమి

ఆగస్టు 22 దగ్గరపడితే అమెరికా అంతర్యుద్ధ చరిత్రప్రియులకు ‘స్వాంప్ ఏంజెల్’ గుర్తుకొస్తుంది. ఆ ఫిరంగిని పోతపోసిన కోల్డ్ స్ప్రింగ్ ఊరు మాత్రం ఎవరికీ పట్టదు.

1812లో బ్రిటన్‌తో యుద్ధానికి దిగాకగానీ అమెరికాకు ఫిరంగుల కొరత తెలిసిరాలేదు. ఆ యుద్ధం ముగిశాక, 1817లో గవర్నూర్ కెంబుల్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున, కోల్డ్ స్ప్రింగ్‌లో వెస్ట్ పాయింట్ ఫౌండ్రీ (పోత కర్మాగారం) పెట్టింది. కొండల్లో ఇనుప ఖనిజం, బొగ్గుకు అడవి, చక్రాలు తిప్పడానికి వాగు, సరుకు పంపడానికి నది. ఎదుటి ఒడ్డునే సైనిక విద్యాలయం! తర్వాతి నాలుగు దశాబ్దాల్లో ఫిరంగులతోపాటు గొట్టాలు, ఆవిరి యంత్రాలు, రైలింజన్లూ తయారుచేసింది.

అసలు కథ రాబర్ట్ పారట్‌ది. సైన్యంలో కొలువు మాని ఫౌండ్రీ బాధ్యత తీసుకున్న ఈయన, కెంబుల్ చెల్లెలిని పెళ్లాడాడు. పోత ఇనుప ఫిరంగి వెనక భాగానికి, ఎర్రగా కాల్చిన చేత ఇనుప పట్టీ తొడిగేవాడు. ఫిరంగిని తిప్పుతూ గొట్టం లోపల చన్నీళ్లు చిమ్మితే, పట్టీ చల్లారుతూ సమంగా బిగుసుకునేది. చవక, త్వరగా తయారీ: యుద్ధానికి అంతకన్నా ఏం కావాలి? అంతర్యుద్ధం నడుస్తుండగా 1862 జూన్‌లో అధ్యక్షుడు లింకనే వచ్చి, ఈ ఫిరంగులు నది మీదుగా అవతలి కొండను కొట్టడం చూసి వెళ్లాడు.

1863లో ఉత్తరాది సేన, దక్షిణాది పట్టణమైన చార్లెస్టన్ పక్కన బురదనేలలో, దుంగల వేదిక మీద 8 అంగుళాల పారట్ ఫిరంగిని నిలిపింది. సిపాయిలు దానికి ‘స్వాంప్ ఏంజెల్’, అంటే ‘చిత్తడి దేవత’ అని ముద్దుపేరు పెట్టారు. ఆగస్టు 22 అర్ధరాత్రి దాటాక, కంపాస్ సాయంతో సెయింట్ మైకేల్ చర్చి శిఖరానికి గురిపెట్టి, 7 కిలోమీటర్లకు పైగా దూరంలో నిద్రపోతున్న ఊరి మీద గుండ్లు కురిపించారు. మర్నాటి రాత్రి 36వ గుండు పేల్చగానే దేవతే బద్దలైంది. పట్టీ ఉన్న ఫిరంగులు కూడా ఇలా పగలడం పారట్‌కు చివరిదాకా తలనొప్పే. ఆ విరిగిన ఫిరంగి నేటికీ న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో ఉంది.

తర్వాత ఉక్కు రాజ్యమేలింది. ఫౌండ్రీ 1911లో మూతపడింది. 1950లలో పక్కనే వెలసిన బ్యాటరీల కర్మాగారం వదిలిన కాడ్మియం ఆ తీరాన్ని విషమయం చేసింది. 1990లలో ప్రభుత్వం పూనుకొని బురద తవ్వించాల్సివచ్చింది. ఫౌండ్రీ శిథిలాలున్న చోటు 2013 నుంచి అందరూ చూడగలిగే ఉద్యానం. న్యూయార్క్ వెళ్లే తెలుగువారు రైలెక్కితే, కోల్డ్ స్ప్రింగ్ స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు.