తండ్రిని తేల్చే పరీక్ష

చార్లీ చాప్లిన్ తన బిడ్డకు తండ్రి అని ఒక యువతి 1943లో లాస్ ఏంజిలెస్‌లో దావా వేసింది. పాపకు నాలుగు నెలలు నిండాక ముగ్గురికీ రక్తపరీక్షలు చేశారు. తల్లిది ఏ గ్రూపు, పాపది బి, చాప్లిన్‌ది ఓ. పాపకు ఆ బి తల్లి నుంచి రాలేదు, ఓ గ్రూపు మనిషి నుంచి వచ్చే వీలూ లేదు. వైద్యులు ఆయన తండ్రి కాదని తేల్చారు. అయినా 1945లో జ్యూరీ ఆయనే తండ్రి అంది! రక్తపరీక్షే తుదిమాట అని అప్పటి కాలిఫోర్నియా చట్టంలో లేదు. అక్కడ చట్టం మారేసరికి 1953 వచ్చింది.

ఆ పరీక్షకు పునాది వియన్నాలో పడింది. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ బ్లడ్ గ్రూపుల సంగతి బయటపెట్టాడు. అవి తల్లిదండ్రుల నుంచే బిడ్డకు వస్తాయని 1910లో జర్మనీలో రుజువైంది. 1920ల నుంచి అక్కడి కోర్టులు ఆ సాక్ష్యాన్ని వినడం మొదలుపెట్టాయి. చిక్కేమిటంటే, గ్రూపు చూసి ‘ఇతను కాదు’ అనగలరే తప్ప ‘ఇతనే’ అనలేరు. ఒకే గ్రూపు వాళ్లు ఊరు ఊరంతా ఉంటారు మరి.

‘ఇతనే’ అనగలిగే దారి 1984 సెప్టెంబరు 10న ఇంగ్లండులోని లెస్టర్‌లో దొరికింది. అలెక్ జెఫ్రీస్ ఆ ఉదయం తీసిన ఎక్స్‌రే ఫిల్మ్ మీద ఒక్కొక్కరి డీఎన్‌ఏ ఒక్కో చారల వరసగా కనిపించింది. బిడ్డ చారల్లో తల్లివి పోగా మిగిలినవన్నీ తండ్రిలో కనిపించి తీరాలి. మరుసటేడే ఆ పద్ధతి ఘనా కుటుంబానికి చెందిన ఒక అబ్బాయి తల్లికి దూరం కాకుండా కాపాడింది. ఈ పరీక్ష తొలి అడుగే ఒక పిల్లవాడి పక్షాన పడిందని తలచుకుంటే నాకు గొప్ప సంతోషం.

మన దేశంలో ఈ కథ ఒక పాముతో మొదలవుతుంది. లాల్జీ సింగ్ కట్లపాములో ఆడామగా తేడా ఎలా ఏర్పడుతుందో పరిశోధిస్తుంటే, మళ్లీ మళ్లీ వచ్చే ఒక డీఎన్‌ఏ ముక్క కంటబడింది. మనిషితో సహా ఎన్నో జీవుల్లో అలాంటివి ఉన్నాయి. హైదరాబాదులో హబ్సిగూడ దగ్గరి పరిశోధన సంస్థ సీసీఎంబీకి వచ్చాక, ఆ ముక్కతోనే 1988 నాటికి ఆయన మన సొంత పద్ధతి తయారుచేశారు. ఇక ప్రతి కేసుకూ విదేశీ ల్యాబుల వైపు చూడనక్కర్లేకపోయింది. కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక బిడ్డ పోషణ తగవుకు సీసీఎంబీ పరీక్షే ఆధారమైంది. 1991లో కేరళ హైకోర్టు కూడా దాన్ని ఒప్పుకుంది. తర్వాత హైదరాబాదులోనే డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ వెలిసింది. తండ్రెవరో తేల్చే కేసులో రాజకీయ నాయకుడు ఎన్.డి. తివారీ రక్తనమూనాను 2012లో పరీక్షించింది అక్కడే.

మొదట్లో ఈ పరీక్షకు రక్తం కాస్త ఎక్కువే కావలసి వచ్చేది. కొద్దిపాటి డీఎన్‌ఏకే ఎన్నో నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతి వచ్చాక పురిటిబిడ్డకు సూది గుచ్చే అవసరం తప్పింది. ఇప్పుడు దూదిపుల్లతో బుగ్గ లోపల మెల్లగా రుద్దితే చాలు. కాకపోతే పాలు తాగిన వెంటనే తీయకూడదు. తల్లిపాలలో తల్లి కణాలుంటాయి. పుల్లను ఆరనిచ్చి కాగితం కవరులో పెడతారు, ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకు పాడవుతుంది. కోర్టుకు వెళ్లాలంటే సాక్షుల ముందు నమూనా తీసి సీలు వేయాలి. ఇంట్లో గుట్టుగా తీసి పంపిన నమూనా అక్కడ నిలబడదు.

తండ్రి ఎవరన్న దానిపై మన చట్టంలోని నియమం మాత్రం బ్లడ్ గ్రూపులు కూడా తెలియని 1872 నాటిది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టినా, అది రద్దయి తల్లి మళ్లీ పెళ్లాడకుండా ఉండగా 280 రోజుల్లోపు పుట్టినా బిడ్డ ఆ భర్త బిడ్డే. బిడ్డ కడుపున పడగల కాలంలో ఆలుమగలు కలిసే వీలే లేదని రుజువు చేస్తే తప్ప మాట మారదు. అడిగిందే తడవుగా పరీక్షకు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. అయితే 2014లో, పరీక్ష జరిగి ఫలితం ఎదురుగా ఉన్నప్పుడు నిజానిదే పైచేయి అంది. 2023లో భార్యపై వ్యభిచార ఆరోపణను రుజువు చేసేందుకు బిడ్డకు పరీక్ష చేయించాలన్న భర్త కోరికను తోసిపుచ్చింది. ఆ తీర్పు సరైనదని నా గట్టి నమ్మకం. పెద్దల పోరులో పసిబిడ్డ పుట్టుకను సాక్ష్యంగా లాగడం అన్యాయం. 2024 జూలై 1న కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చినా, 116వ సెక్షన్‌లో ఆ 280 రోజుల లెక్కను అలాగే ఉంచారు.