శీతల నీలిపూత (తుపాకీ ఉక్కు)

శీతల నీలిపూత లేదా కోల్డ్ బ్లూయింగ్ అనగా పాత తుపాకుల ఉక్కు భాగాలపై అరిగిపోయిన ముదురు రంగును కొలిమి గాని మరిగే తొట్టి గాని లేకుండా, ఒక రసాయన ద్రావణంతో తిరిగి తెప్పించే పద్ధతి. పేరులో నీలి ఉన్నప్పటికీ వచ్చే రంగు చాలాసార్లు బూడిదరంగు కలిసిన నలుపే. పరికరాలు తక్కువ కావడం వలన ఇళ్ళలో చేసుకొనే పద్ధతులలో ఇది ప్రసిద్ధమైనది. అయితే నెల్లూరు తీరం వంటి ఉప్పుగాలి ప్రాంతాలలో ఇది రంగును ఇచ్చినంతగా రక్షణను ఇవ్వదు.

గన్‌మెటల్ అనే మాటతో దీనిని కలపరాదు. గన్‌మెటల్ రాగి, తగరం, తుత్తునాగం కలిసిన కంచు వంటి మిశ్రమలోహం. బుష్‌లు, వాల్వులు దానితో పోస్తారు. దానిలో ఇనుము ప్రధానం కాదు కనుక ఉక్కుకు పట్టినట్లు నీలిపూత దానికి పట్టదు.

ఇతర పద్ధతులు

ఉక్కును సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచినపుడు దానంతట అదే నీలిరంగు తేలుతుంది. గడియారపు ముళ్ళకు, మరలకు ఈ రంగు వాడతారు. కర్మాగారాలలో వేడి నీలిపూత వేస్తారు. కాస్టిక్ సోడా, సురేకారం కలిపిన ద్రావణాన్ని 135 నుండి 150 డిగ్రీల వరకు కాచి అందులో భాగాలను ముంచితే ఉక్కు ఉపరితలం మాగ్నెటైట్ అనే నల్లని ఇనుప ఆక్సైడుగా మారుతుంది.

జోడుగొట్టాల పాత తుపాకులకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. రెండు గొట్టాలను కలిపిన తగరపు సోల్డరును కాస్టిక్ తినివేస్తుంది. సందులలో చిక్కిన లవణాలు తరువాత లోపలినుండి తుప్పు పట్టిస్తాయి. అటువంటి వాటికి తుప్పు నీలిపూత సరియైనది. ఇందులో ఉక్కుకు కావాలని పలుచగా తుప్పు పట్టించి, మరిగే నీటిలో ఉంచి, ఎర్ర తుప్పును నల్లని మాగ్నెటైట్‌గా మార్చి, పైపొడిని గోకి తీస్తారు. దీనిని పలుమార్లు చేయవలసి ఉంటుంది. నీటిలో మరిగించకుండా వదిలితే గోధుమరంగు వస్తుంది. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన పాత డమాస్కస్ గొట్టాల చారలు ఈ గోధుమరంగులోనే బాగా కనబడతాయి. ఈ గొట్టాలు, తెలంగాణలోని కోనసముద్రం మూసలలో తయారైన ఉక్కుతో చేసిన కత్తులు ఒకటి కావు. పేరు ఒకటైనా తయారీ వేరు.

రసాయన చర్య

శీతల ద్రావణాలలో సాధారణంగా సెలీనియస్ ఆమ్లం, మైలుతుత్తం, కొద్దిగా నత్రికామ్లం లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటాయి. ఉక్కుపై రాయగానే రాగి పేరుకొని సెలీనియంతో కలిసి నల్లని కాపర్ సెలినైడ్ పొర ఏర్పడుతుంది. అంటే ఇది వేడి పద్ధతిలో వలె ఉక్కే మారి ఏర్పడిన పొర కాదు, పైన పేరుకొన్న పలుచని పొర. చేతి రాపిడికి, తోలు ఒరకు త్వరగా అరిగిపోవడానికి కారణం ఇదే. స్టెయిన్‌లెస్ స్టీలుకు, అల్యూమినియానికి ఈ ద్రావణం పట్టదు.

నెల్లూరు తీరంలో తుప్పు

మైపాడు, కృష్ణపట్నం, ఇస్కపల్లి వంటి ఊళ్ళలో గాలితోపాటు సముద్రపు ఉప్పు రేణువులు ఇళ్ళలోనికి వస్తాయి. వంటఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటినపుడు నీరుకారుతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలును. కాబట్టి పొడిగా కనిపించే రోజున కూడా ఉక్కు ఉపరితలం తడిగానే ఉంటుంది. ఈశాన్య ఋతుపవనాలు వీచే అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ బెడద ఎక్కువ. ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకులను జమ చేయించడం ఆనవాయితీ కావడం వలన, వారాల తరబడి నూనె లేకుండా గుడ్డ సంచిలో ఉన్న తుపాకీ తిరిగి వచ్చేసరికి గొట్టంపై గుంటలు పడవచ్చు.

1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఈ తీరంలోనే, ఆర్మగాన్‌గా పిలిచిన దుగరాజపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నది. ఆ కాలపు పోత ఇనుప ఫిరంగులను నీలిపూతతో కాక తారు, రంగుల వంటి మందపాటి పూతలతో కాపాడేవారు. ఉప్పుగాలికి అవే తగినవి.

చేసే విధానం

మొదట తుపాకీలో తూటా లేదని నిర్ధారించుకొని గొట్టాన్ని విడదీస్తారు. తుప్పును నూనెలో తడిపిన సన్నని స్టీలు ఉన్నితో తీస్తారు. తీరప్రాంతంలో దీని తరువాత మరొక పని తప్పనిసరి: శుద్ధజలంలో మరిగించి లోహపు గుంటలలోని క్లోరైడులను కడిగివేయాలి. లేనిచో పూత కిందనుండి తుప్పు మళ్ళీ లేస్తుంది. చాలామంది పని ఇక్కడే చెడుతుంది, నింద మాత్రం ద్రావణం మీద పడుతుంది.

పిదప అసిటోనుతో జిడ్డు పూర్తిగా తుడవాలి. వేలిముద్ర పడిన చోట కూడా మచ్చ మిగులుతుంది. లోహాన్ని గోరువెచ్చగా చేసి, దూదితో ద్రావణాన్ని ఒకే ఊపున రాసి, కొద్దిసేపటికి నీటితో కడిగి, ఆరబెట్టి, స్టీలు ఉన్నితో మెల్లగా రుద్దుతారు. కోరిన రంగు వచ్చేవరకు ఇట్లే రాస్తారు. చివర వంటసోడా నీటితో ఆమ్లాన్ని విరిచి, నూనె బాగా పట్టించి ఒక రోజు వదలుతారు. గొట్టం లోపలి భాగానికి, స్ప్రింగులకు ఈ ద్రావణం తగలనీయరాదు.

పూత వేసిన తరువాత కూడా నూనెయే అసలు రక్షణ.

చట్టం, పురావస్తు విలువ

రంగు కంటే ముందు ఆలోచించవలసినది సంఖ్య. గుంటలను పోగొట్టాలని గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే తుపాకీపై చెక్కిన క్రమసంఖ్య, పరీక్ష ముద్రలు చెరిగిపోతాయి. ఆయుధ చట్టం, 1959లోని సెక్షన్ 8 గుర్తింపు చిహ్నాలను తొలగించడాన్ని, మార్చడాన్ని నిషేధిస్తున్నది. ఆయుధాల మరమ్మతుకు, మార్పుకు సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు అవసరం. కనుక శుభ్రపరచడం, నూనె రాయడం దాటిన పనిని లైసెన్సుగల మరమ్మతుదారుకు అప్పగించడం క్షేమం. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది. వాడుకకు గాని మరమ్మతుకు గాని పనికిరాని పాతకాలపు ఆయుధాలకు సెక్షన్ 45లో మినహాయింపు ఉన్నది.

నూరేళ్ళు దాటిన తుపాకీ 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం పరిధిలోనికి రావచ్చును. సేకర్తలు అరిగిన అసలు రంగుకే విలువ ఇస్తారు. కొత్త నలుపు పూసిన తాత తుపాకీ కంటికి బాగుండవచ్చును గాని, దాని చరిత్ర ఆ స్టీలు ఉన్నితో పోతుంది. పైగా పలుచబడిన పాత గొట్టాన్ని రంగు బలపరచదు. డమాస్కస్ గొట్టాలలో నేటి పొగరాని మందు తూటాలను పేల్చడం ప్రాణాపాయం.

వ్యర్థాలు

సెలీనియం సమ్మేళనాలు విషపూరితాలు. చేతితొడుగులు ధరించి, గాలి ఆడే చోట పనిచేయాలి. మిగిలిన ద్రావణాన్ని కాలువలో గాని చేపల, రొయ్యల గుంటలలో గాని పోయరాదు. సెలీనియం నీటిలోని నాచునుండి పురుగులకు, వాటినుండి పక్షులకు చేరుతూ పేరుకొంటుంది. అమెరికాలో కాలిఫోర్నియాలోని కెస్టర్సన్ జలాశయంలో 1983లో అవయవలోపాలతో పుట్టిన నీటిపక్షి పిల్లలను గుర్తించారు. పొలాలనుండి వచ్చిన మురుగునీటిలోని సెలీనియం అందుకు కారణం. నేలపట్టు, పులికాట్ వంటి పక్షి స్థావరాలకు నీరుచేరే ఊళ్ళలో ఈ జాగ్రత్త మరింత అవసరం.